కుందా

ఇనుమంతా ఫసీహుద్దీన్ సాబ్ దుకాణంల తాళం కింద ఉంది.
నా కాడికొచ్చింది కర్ర ఒక్కటే,
పాత టవాల్‌ల చుట్టుకొని,
ఆగాపురా గల్లీల, సోఫాలకు పాలిష్ పెట్టే నా అరుగు మీదికి.

విప్పి చూస్తే అక్రోటు కర్ర.
మంచం కోళ్లు, దేవుని గూళ్ల తలుపులు,
కిరాయి ఇండ్లు మారి మారి మూలలు పోయిన బీరువాలు
రుద్దిన చేతులివి.
తుపాకి కుందా మాత్రం ఇదే మొదలు.

"ఎన్నిసార్లు పేల్చినవ్ పెంటయ్యా?"
"పంతొమ్మిదేండ్లు బ్యాంకు గేటు కాడ నిలబడ్డ."
అడిగినదానికి అది జవాబు కాదు.
జవాబు కర్రే చెప్పింది.
చెంప ఆనాల్సిన చోట
కార్ఖానాల పడ్డ మెరుపు పడ్డట్టే ఉంది.
అరిగిందంతా మెడ కాడ,
చేతికర్ర లెక్క పట్టుకొని నిలబడ్డ కాడ.
చెమట తాగి తాగి అక్కడ నేరేడుపండు నలుపు.

దెబ్బలు లెక్కపెట్టిన.
కుర్చీ అంచు గీతలు నాలుగు.
చాయ్ గ్లాసు గుండ్రం ఒకటి,
"అది మేనేజర్ సాబ్ పెట్టింది" అన్నడు, కొంచెం గర్వంగనే.
మడమ కాడ మాత్రం వేలు దిగేంత సొట్ట.
లైసెన్సు రెన్యువల్‌కు చూపియ్యాలె, ఇది కనవడొద్దు.

నేను అడగలే. ఆయనే మొదలుపెట్టిండు.
నోట్లు రద్దయిన నెల. లైను రోడ్డు మలుపు తిరిగింది.
సగం దించిన షట్టరు స్ప్రింగు తెగి జారింది.
కింద ఒక ముసలమ్మ,
పాసుబుక్కు పండ్లతో కరుచుకొని వంగి దూరుతున్నది.
"తోటాలు జేబులనే ఉన్నయి.
కుందా అడ్డం పెట్టిన."
గంతే.
ముసలమ్మ ఏమన్నది అంటే,
"నా నంబరు పోతది, జర తొందరగ లేపు" అన్నదట.

దేవదానం ఇస్త్రీ బండి కాడ
బొగ్గుల పెట్టె అరువు తెచ్చిన.
తడిగుడ్డ మడత సొట్ట మీద పరిచి
పెట్టె ఆనించి తీసిన. చుయ్‌మన్నది.
మళ్ల తడి. మళ్ల పెట్టె.
పండుకున్న నారలు ఒక్కొక్కటే తలెత్తినయి,
నీళ్లు పారిన మడిల నారు లెక్క.

ఏడోసారికి ఆగిపోయింది.
నొక్కుకుపోయిన నార లేస్తది,
తెగిన నార లేవది.
మా అయ్య మాట ఇది.
మంచం కోడు గురించి చెప్పిండు,
ఇంక దేని గురించీ కాదు.

తెగిన కాడ లక్క కరిగించి, రంపం పొట్టు కలిపి నింపిన.
చందరస్ పూతలు, నడుమ నడుమ గరుకు కాగితం,
అవిసె నూనె రెండు చుక్కలు.
చిక్కంతా రంగుతోని వచ్చింది.
కొత్త పూత మెరుస్తది, పాత చెమట మెరవది.
మరమ్మతు కనవడొద్దంటే
బాగైనదాన్ని కొంచెం ఖరాబు చెయ్యాలె.
డికాషన్‌ల గుడ్డ ముంచి తుడిసిన.
చాలక, పొద్దంతా పనిచేసిన అరచెయ్యి
దాని మీద శానాసేపు రాసిన.

శుక్రవారం డ్యూటీ ప్యాంటు మీదనే వచ్చిండు.
ఆరు వందలంటే అయిదున్నర చేతుల పెట్టిండు.
కుందా ఒళ్లె పెట్టుకొని బొటనవేలుతో వెతికిండు.
తిప్పి ఇంకోసారి.
"యాడ ఉండె?"
బల్బు దగ్గరికి జరిపి నేను గూడ చూసిన.
చెప్పలేకపోయిన.

మెచ్చుకుంటడనుకున్న. మొకం చిన్నగ చేసుకున్నడు.
టవాల్ చుడుతుంటే నాకే మనసొప్పక,
"వానలు పడనియ్యి పెంటయ్యా.
తేమకు కర్ర ఉబ్బుతది, లక్క ఉబ్బదు.
అప్పుడు వేలికి తగుల్తది" అన్న.

"ఈసారి వానలెప్పుడట?" అని
గల్లీ మీది సన్నటి ఆకాశం దిక్కు చూసిండు.
అంతట్లనే, ఫసీహుద్దీన్ సాబ్ ఎనిమిదింటికి
షట్టర్ దించుతడని యాదికొచ్చి
కర్రను చంకల పెట్టుకొని ఉరికిండు.